చుట్టుకొలత అనే మాట ఇంట్లోనే ఉంది

అమెరికాలో మూడో తరగతిలో పెరిమీటర్ పాఠం మొదలైందంటే చాలు, మన తెలుగు ఇళ్లలో పిల్లల చెవిన పడే మొదటి ముక్క సూత్రమే: పొడవూ వెడల్పూ కూడి రెండుతో గుణించు. ఈ తొందర నాకు బొత్తిగా నచ్చదు. పెరిమీటర్ అనే మాటకు గ్రీకులో ఉన్న అర్థం కూడా చుట్టూ కొలవడమే. కానీ గ్రీకు రాని ఎనిమిదేళ్ల పిల్లకు అది ఒట్టి శబ్దం. చుట్టుకొలత అంటే ఏం చేయాలో ఆ మాటే చెప్పేస్తుంది. అంత తేట మాటను పక్కన పెట్టి సూత్రం అప్పజెప్పిస్తున్నాం.

దాంతో వచ్చే నష్టం చూడండి. దీర్ఘచతురస్రం గీసి రెండు భుజాల మీదే 8, 5 అని రాస్తే, కనబడ్డ అంకెలు కూడి 13 అనే పిల్లలు ఎందరో. అంచు మీద వేలు పెట్టి, బయల్దేరిన మూలకు తిరిగొచ్చేదాకా నడిపిస్తే రాయని భుజాలూ లెక్కలోకి వచ్చి 26 అవుతుంది. ఇప్పుడు 10 అంగుళాల పొడవు, 6 అంగుళాల వెడల్పు ఉన్న కాగితం మూలన 4 పొడవు, 2 వెడల్పు ముక్క కత్తిరించండి. వైశాల్యం 60 నుంచి 52 చదరపు అంగుళాలకు తగ్గుతుంది. చుట్టుకొలత మాత్రం 32 అంగుళాలే, ఎందుకంటే బయట పోయిన 4, 2 లోపలి అంచులుగా తిరిగొచ్చాయి. అదే ముక్కను మూలన కాకుండా పొడుగు అంచు మధ్యలో, దాని 4 అంగుళాల వైపు ఆ అంచు వెంట ఉండేలా కోస్తే వైశాల్యం మళ్లీ 52, చుట్టుకొలత 36! సూత్రం పట్టుకున్న పిల్ల ఇక్కడా 32 అనే రాస్తుంది. వేలితో చుట్టివచ్చిన పిల్ల రాయదు.

ఇక్కడి బడుల పద్ధతి ఈ విషయంలో నాకు నచ్చుతుంది. 2010లో వచ్చిన కామన్ కోర్ ప్రమాణాల ప్రకారం మూడో తరగతిలో బహుభుజుల చుట్టుకొలత, తెలియని భుజం కనుక్కోవడం, చుట్టుకొలత ఒకటే అయినా వైశాల్యాలు వేరైన దీర్ఘచతురస్రాలు ఉంటాయి. సూత్రం వాడకం నాలుగో తరగతి పని. బడి ఏడాది ఆగుతుంటే మనం ఆగలేకపోతున్నాం. అలాగని మన దగ్గర సరుకు లేదా? 200 గజాల స్థలం 30 అడుగులకు 60 ఉంటే ప్రహరీ 180 అడుగులు, 40కి 45 ఉంటే 170. ప్రహరీ కట్టించేవాళ్లకు ఈ తేడా ఎవరూ నేర్పనక్కర్లేదు. కాకపోతే చదరపు గజాలను ఒట్టి గజాలనేస్తాం. పొడవూ వైశాల్యమూ పిల్లల బుర్రలో కలిసిపోవడానికి మన మాటతీరూ సాయపడుతోందని ఒప్పుకోవాలి.

బడి ఇంగ్లీషులో, పరీక్ష ఇంగ్లీషులో, మధ్యలో తెలుగు మాట అదనపు బరువు కాదా అంటారు. జవాబు కాగితం మీద పెరిమీటర్ అనే రాయనివ్వండి. అర్థం పట్టుబడేదాకా ఇంట్లో చుట్టుకొలత అనండి. చుట్టు, కొలత అనే మాటలు తెలియని పిల్లలకైతే కాగితం చుట్టూ దారం తిప్పి, ఆ దారాన్ని స్కేలు మీద పెట్టి చూపిస్తే రెండూ ఒకేసారి వస్తాయి. సూత్రం వద్దనడం లేదు, వరస మార్చమంటున్నాను. ఈ శనివారం ఆరు భుజాల ఎల్ ఆకారం గీసి, రెండు భుజాల కొలతలు రాయకుండా మీ పిల్లలకు ఇవ్వండి. వాళ్లు చుట్టివచ్చేదాకా సూత్రం మాట ఎత్తకండి.