తిరగని బండికి బీమా

మా అబ్బాయి టొరంటో దగ్గర ఉంటాడు. అక్కడ కొనుక్కున్న మోటారుసైకిలుని ఏటా నవంబరు రాగానే "పడుకోబెడతాడు". ఆ మాట వాడిదే. మంచు పడే నెలల్లో రోడ్ల మీద ఉప్పు చల్లుతారు, రెండు చక్రాల బండికి అది పనికిరాదు. ట్యాంకు నిండా పెట్రోలు పోస్తాడు, బ్యాటరీ విప్పి ఇంట్లో పెట్టుకుంటాడు, పైన దుప్పటి కప్పి, ఇన్సూరెన్సు వాళ్ళకి ఫోను చేస్తాడు. రోడ్డుకి సంబంధించిన రక్షణ ఆపేసి, దొంగతనం, అగ్నిప్రమాదం లాంటి వాటికి మాత్రం ఉంచుతారట. వసంతం వచ్చాక మళ్ళీ ఒక ఫోను.

జర్మనీలో అయితే ఇంకా పద్ధతిగా ఉంటుంది. నంబరు పలక మీదే నెలలు అచ్చేస్తారు. 04, దాని కింద 10 అని ఉంటే ఆ బండి ఏప్రిల్ నుంచి అక్టోబరు దాకానే. మిగతా నెలల్లో దాన్ని వీధిలో నిలబెట్టినా తప్పే. బ్రిటన్లో బండిని రోడ్డెక్కించనని ప్రభుత్వానికి రాసిచ్చి, బీమా లేకుండా ఇంట్లో ఉంచుకోవచ్చు.

మా కంకిపాడులో చలికాలం బండి పడుకునే కాలం కాదు, అసలు తిరిగే కాలం. కోతలు, కుప్పలు, నూర్పిళ్ళు, ఆ వెనకే మినుములు, సంక్రాంతికి వచ్చే అల్లుళ్ళు. ధనుర్మాసం మంచులో బందరు రోడ్డు మీద లైట్లు వేసుకుని పాల క్యాన్లతో బండ్లు వెళ్తూనే ఉంటాయి. అయినా మా ఇంటి వసారాలో మాత్రం ఒక బండి ఏ కాలమైనా పడుకునే ఉంటుంది. అది కూడా మా అబ్బాయిదే. 2019 జూన్‌లో మొదటి జీతాలతో కొన్న 125 సీసీ బండి, ఏపీ 39 నంబరు. 2022లో వాడు వెళ్ళిపోయాడు. అమ్మేద్దామా అంటే, "ఉంచు నాన్నా, వచ్చినప్పుడు తిరుగుతాగా" అంటాడు. నాకు నా పాత స్కూటరు చాలు. ఆదివారం ఆదివారం దాన్ని ఒకసారి స్టార్టు చేసి, అయిదు నిమిషాలు ఉంచి ఆపేస్తాను.

కొత్త టూ వీలరు కొంటే అయిదేళ్ళ థర్డ్ పార్టీ బీమా ఒకేసారి కట్టాలన్న నిబంధన 2018 సెప్టెంబరు నుంచి ఉంది. సుప్రీంకోర్టు చెప్పాక వచ్చింది. అందువల్ల వాడు వెళ్ళినా ఆ భాగం గురించి ఎవరికీ ఆలోచన లేదు. బండికి జరిగే నష్టం తాలూకు భాగం, ఓన్ డ్యామేజ్ అంటారే, అది ఏటా వాడే ఫోనులో కట్టేవాడు. 2024 జూన్‌లో రెండూ కలిసి ఒకేసారి అయిపోయాయి. అప్పుడు కాగితాలు నా చేతికొచ్చాయి.

ఎవర్ని అడిగినా ఒకటే మాట. "తిరగని బండికి ఇన్సూరెన్స్ ఏంటండీ?" చట్టం కూడా దాదాపు అదే అంటుంది. మోటారు వాహనాల చట్టం 146వ సెక్షను బీమా లేకుండా బండిని బహిరంగ స్థలంలో వాడకూడదంటుంది. మా వసారా బహిరంగ స్థలం కాదు. గేటు లోపల ఉన్నంతసేపూ 2,000 రూపాయల జరిమానా ఊసే లేదు.

కెనడా పద్ధతి మన దగ్గర లేదా అని వెతికితే, ఉంది. 2002లో అమల్లోకి వచ్చిన ఇండియా మోటార్ టారిఫ్‌లో పదకొండో నంబరు ఎండార్స్‌మెంటు అచ్చంగా ఇలాంటి బండి కోసమే. బండి షెడ్డులో ఉంది, వాడటం లేదు అని కంపెనీకి తెలియజేస్తే, ఆ కాలానికి అగ్ని, దొంగతనం, వరద లాంటి వాటికి తప్ప మిగతా బాధ్యతంతా ఆపి, ఆ మేరకు తర్వాతి ప్రీమియంలో తగ్గించడమో పాలసీ గడువు పొడిగించడమో చేస్తారు. బెజవాడలో ఒక ఆఫీసుకి వెళ్ళి దీని గురించి అడిగాను. సీట్లో ఉన్న కుర్రాడు మర్యాదస్తుడు. "నేను చేరాక ఇది అడిగింది మీరేనండీ" అన్నాడు.

నేను మాత్రం అది తీసుకోలేదు. కారణం మా వీధి.

కెనడాలో మా అబ్బాయి బండికి దుప్పటి కప్పాడంటే ఏప్రిల్ దాకా ఆ దుప్పటి తియ్యడానికి ఎవరూ రారు. ఇక్కడ వసారాలో బండి ఉందంటే అది సగం వీధిది. "బాబాయ్ గారూ, ఓసారి తాళం ఇస్తారా, మార్కెట్ యార్డు దాకా వెళ్ళొస్తా" అని వస్తారు. కొన్నిసార్లు అది ఊరికే అడగటం కాదు. మొన్న మంచు రోజుల్లో తెల్లవారుజామున నాలుగింటికి పక్కింటాయన గేటు కొట్టాడు. వాళ్ళమ్మకి ఊపిరి అందడం లేదు. కారు ఉంది గానీ నడిపే మనిషి పక్క ఊళ్ళో. ఆయన బండి అంతకుముందు రోజే మెకానిక్ దగ్గర వదిలారు. తాళం తీసి చేతిలో పెట్టాను. ఆవిడ బతికింది. ఆ క్షణంలో "బీమా ఆపించామండీ, షెడ్డులో ఉన్నట్టు రాసిచ్చాం" అని చెప్పే మనిషిని నేను కాలేను. మా వీధిలో ఎవరూ కాలేరు.

ఆ మంచులో దారిలో ఎవరికైనా తగిలి ఉంటే? సెక్షను 146 వాడటం గురించే కాదు, వాడనివ్వడం గురించి కూడా మాట్లాడుతుంది. 2018లో నవీన్ కుమార్ కేసులో సుప్రీంకోర్టు స్పష్టంగా చెప్పింది, రిజిస్ట్రేషను ఎవరి పేరున ఉంటే వాళ్ళే యజమాని, పరిహారం బాధ్యతా వాళ్ళదేనని. అంటే బందరు రోడ్డు మీద జరిగినదానికి టొరంటోలో నిద్రపోతున్న మా అబ్బాయి పేరు కాగితాల మీదికొస్తుంది. మనిషికి ఏమన్నా అయితే ట్రిబ్యునల్ ఎంతని తేలిస్తే అంత. థర్డ్ పార్టీ ప్రీమియం, 75 సీసీ దాటి 150 లోపు బండికి, 714 రూపాయలు, పైన జీఎస్టీ. ఈ రెండు అంకెల్నీ పక్కపక్కన పెట్టి చూశాక ఇంక లెక్క వేయాల్సింది లేదు.

ఓన్ డ్యామేజ్ సంగతి వేరు. అయిదేళ్ళు క్లెయిమ్ లేదు కాబట్టి నో క్లెయిమ్ బోనస్ 50 శాతానికి వచ్చింది. గడువు దాటి 90 రోజుల్లోపు కట్టకపోతే అది సున్నా అవుతుంది. ఆ బోనస్ బండిది కాదు, మనిషిది. బండి అమ్మినా వాడు ఇక్కడ కొనే మరో టూ వీలరుకి మూడేళ్ళలోపు వాడుకోవచ్చు. అందుకని అదీ కట్టాను. "నిలబడ్డ బండికి ఏమవుతుందని?" అంది మా ఆవిడ.

ఆ సెప్టెంబరులోనే బుడమేరు పొంగింది. అదే సమయంలో ప్రకాశం బ్యారేజీ దగ్గర కృష్ణ 11 లక్షల క్యూసెక్కులు దాటింది. సింగ్ నగర్‌లో మా పెద్దమ్మగారి అబ్బాయి ఇంట్లో రెండు బండ్లు మెట్ల కింద నిలబెట్టే ఉన్నాయి. నీళ్ళే వాటి దగ్గరికొచ్చాయి. సీట్లు దాటి, రోజుల తరబడి. నీళ్ళు తీశాక మెకానిక్ చెప్పిన మొదటి మాట, "కిక్కు కొట్టకండి". సిలిండర్లోకి నీళ్ళు చేరి ఉంటే, స్టార్టు చేసినప్పుడు కనెక్టింగ్ రాడ్ వంగిపోతుంది. వరద వల్ల పోయింది వేరు, మనం స్టార్టు చేయడం వల్ల పోయింది వేరు అంటుంది కంపెనీ. ఒక బండికి పూర్తి పాలసీ ఉంది, దానికి కొంత డబ్బు వచ్చింది. రెండోదానికి థర్డ్ పార్టీ ఒక్కటే. ఎదుటివాడికి జరిగే నష్టం కోసం తీసుకున్న కాగితం అది, మన మెట్ల కిందికొచ్చిన నీళ్ళ గురించి అందులో ఏమీ లేదు. ఆ బండి తుక్కు కిందే పోయింది.

అసలు నిలబడ్డ బండికి వచ్చే జబ్బులకి ఏ పాలసీలోనూ మందు లేదు. మా కాలవల తేమకి గొలుసు తుప్పు పడుతుంది, బ్యాటరీ చచ్చిపోతుంది, టైరు ఒకచోటే అణిగి పగులుతుంది. అరుగుదల, తరుగుదల మా బాధ్యత కాదని పాలసీలో రాసే ఉంటుంది. వాటికి ఆదివారం అయిదు నిమిషాలే బీమా.

మా ఎదురింటి కుర్రాడు ఇంటర్ చదివేటప్పుడు ఏడాది పాటు తాళం అడిగాడు. ఇవ్వలేదు. పద్దెనిమిది నిండనివాడు నడిపి ఏమన్నా చేస్తే యజమానికి మూడేళ్ళ జైలు, 25,000 రూపాయల జరిమానా, బండి రిజిస్ట్రేషను ఏడాది రద్దు. 2019 సవరణ అది. "ఊరికే పడున్న బండి, పిల్లాడికి ఇస్తే అరిగిపోతుందా" అని వాళ్ళమ్మ మా ఆవిడతో అందట. కొన్నాళ్ళు గుమ్మంలో ఎదురుపడినా పలకరింపు లేదు. తెల్లవారుజామున పక్కింటాయనకి ఇచ్చినవాడిని, పగటిపూట వాళ్ళ పిల్లాడికి ఎందుకివ్వనో ఆవిడకి చెప్పడం నాకు చేతకాలేదు. ఇద్దరి మధ్యా తేడా ఒక లైసెన్సు. వీధిలో ఆ మాట సాకులాగే వినపడుతుంది.

ఇప్పుడు ఏటా జూన్‌లో రసీదు మీద రెండు వరసలు చూస్తాను. ఓన్ డ్యామేజ్ మా అబ్బాయి కోసం, థర్డ్ పార్టీ మా వీధి కోసం.

ఈమధ్య ఎదురింటి కుర్రాడు మళ్ళీ వచ్చాడు. పద్దెనిమిది నిండాయి. "ఎల్లెల్లార్ వచ్చింది బాబాయ్ గారూ" అని ఫోను చూపించాడు. లోపలికెళ్ళి పాలసీ కాగితం తెచ్చి, డ్రైవర్ క్లాజు వాడిచేతే చదివించాను. లెర్నర్ లైసెన్సు ఉన్నవాడు కూడా నడపవచ్చు, రూల్స్ ప్రకారం నేర్పే మనిషి పక్కన ఉంటే. ఆ మనిషికి లైసెన్సు ఉండాలి.

"నాకుంది," అన్నాను. ముందూ వెనకా ఎర్ర రంగుతో ఎల్ అక్షరం అంటించుకుని రమ్మన్నాను. వాడు తెచ్చాడు. వాడు ముందు, నేను వెనక, గుడివాడ రోడ్డు మీద కిలోమీటరు దూరం వెళ్ళొచ్చాం. వాళ్ళమ్మ గేటు దగ్గర నిలబడి చూస్తోంది.