లైకులెన్ని కాదు, జవాబులెన్ని?

మన ఉద్యోగానికి ఒక శాపం ఉంది. ఏ ట్రస్టు వాళ్ళకి ఫేస్‌బుక్ పేజీ కావాల్సొచ్చినా "నువ్వు సాఫ్ట్‌వేరే కదా బాబూ, కాస్త చూసిపెట్టు" అంటారు. ప్రింటరు బాగుచెయ్యమన్నట్టే ఇదీను. అలా మా ఊరి పాత గ్రంథాలయం పేజీ రెండేళ్ళుగా నా నెత్తిన ఉంది. జీతం లేదు, అప్రైజలూ లేదు :)

అక్కడి కమిటీ పెద్దాయన ప్రతి నెలా అడిగేది ఒకే ప్రశ్న: "లైకులెన్ని వచ్చాయి?" ఆయన్ని తప్పుపట్టను, కంటికి కనపడే అంకె అదే మరి. కానీ మన సాంస్కృతిక సంస్థల పేజీలు ఓసారి చూడండి. పండగ శుభాకాంక్షలు, జ్యోతి ప్రజ్వలన, శాలువా, మళ్ళీ శాలువా. కింద ఎవరో "ఆదివారం తెరిచి ఉంటుందా అండీ?" అని అడుగుతారు. ఆ ప్రశ్న అలా అనాథలా పడుంటుంది. నోటీసు బోర్డుని తీసుకెళ్ళి ఇంటర్నెట్‌లో మేకు కొట్టారన్నమాట, అంతే.

దీనికి పూర్తి వ్యతిరేకంగా జరిగిన కథ ఒకటి చెప్తాను. 2008 జనవరిలో అమెరికాలోని లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ తన దగ్గరున్న పాత ఫోటోల్లోంచి సుమారు 3,000 తీసి ఫ్లికర్‌లో పెట్టింది. పెట్టి ఊరుకోలేదు, మీకు తెలిసిన వివరాలు చెప్పమని జనాన్ని అడిగింది. అదే సంవత్సరం అక్టోబరులో వాళ్ళిచ్చిన నివేదిక ప్రకారం 67 వేలకి పైగా ట్యాగులు, 7 వేలకి పైగా వ్యాఖ్యలు వచ్చాయి. జనాన్ని రానిస్తే చెత్త పోస్తారని మనకో భయం ఉంటుంది కదా, వాళ్ళు తీసెయ్యాల్సి వచ్చినవి పాతిక కూడా లేవు!

వీటన్నిటికంటే నాకు నచ్చిన అంకె ఇంకోటుంది. జనం చెప్పిన వివరాల్ని సిబ్బంది సరిచూసుకుని 500కి పైగా కేటలాగు రికార్డుల్ని మెరుగుపరిచారు. ఆ సమాచారం ఫ్లికర్ ద్వారా వచ్చిందని రికార్డులోనే రాశారు కూడా. మన భాషలో చెప్పాలంటే బగ్ రిపోర్ట్ తీసుకుని, రివ్యూ చేసి, మెర్జ్ చేసి, క్రెడిట్ ఇచ్చారు. నా మటుకు నాకు కొలవాల్సిన అంకె ఇదే. లైకు ఆ పూటకి సంతోషం, మెర్జ్ అయింది మాత్రం శాశ్వతం.

దీనికి పెద్ద టీము, పెద్ద బడ్జెట్టు ఉండాలంటారా? 2020 మార్చిలో కోవిడ్ వల్ల ఓక్లహోమా సిటీలోని నేషనల్ కౌబాయ్ మ్యూజియం మూతపడ్డప్పుడు దాని ట్విట్టర్ ఖాతాని సెక్యూరిటీ విభాగం పెద్ద టిమ్ చేతికిచ్చారు. పాపం ఆయనకి గుర్తు వాడడం తెలీక హ్యాష్‌ట్యాగ్ అని అక్షరాల్లో రాసేవాడు. చివర్లో ఉత్తరానికి చేసినట్టు థాంక్స్ చెప్పి సంతకం పెట్టేవాడు. జనం వెర్రెత్తిపోయారు. కారణం పెద్దదేం కాదు, అటుపక్క ఒక మనిషున్నాడని తెలిసింది, అంతే.

ఇంకో సంగతి. ఈ సైట్లేవీ మనవి కావు. ఆర్కుట్ 2014లో పోయింది, గూగుల్ ప్లస్ 2019లో, యాహూ గ్రూప్స్ 2020లో. ఫ్లికరే 2018లో యాహూ ఇంటి నుంచి చేతులు మారింది, ఉచిత ఖాతాలకి 1,000 ఫోటోల పరిమితి పెడతామన్నారు. కామన్స్‌లో ఉన్న సంస్థల్ని మినహాయించారు కాబట్టి సరిపోయింది. లేకపోయినా లైబ్రరీకి కొంప మునిగేది కాదు, అసలు ఫోటోలు, కేటలాగు దాని దగ్గరే ఉన్నాయి. అరుగు మీద కూర్చుని ఎన్ని కబుర్లైనా చెప్పుకోవచ్చు, బంగారం మాత్రం ఇంట్లోనే దాచుకోవాలి.

మా గ్రంథాలయంలో ఒక ట్రంకు పెట్టె నిండా పాత వార్షికోత్సవాల ఫోటోలున్నాయి. వెనక పేర్లు రాయలేదు. అందుకే శాలువాలు తగ్గించి వారానికో ఫోటో, ఒకే ప్రశ్న పెడుతున్నాం: "వీళ్ళెవరో చెప్పగలరా?" గుర్తుపట్టేవాళ్ళకి ఎనభై దాటాయి, ఫేస్‌బుక్కులో ఉండరు. మనవలు వాట్సాప్‌లో చూపించి అడుగుతున్నారు. వచ్చిన జవాబుని ఇంకొకరితో సరిచూసుకుని, చెప్పినవాళ్ళ పేరుతో సహా గ్రంథాలయం రిజిస్టరులో రాస్తున్నాం. ఇప్పటికి పదకొండు ఫోటోలు పెడితే నాలుగింటికి పేర్లు దొరికాయి. ఒకటి డాలస్ నుంచి వచ్చింది, అందులో నిలబడ్డది వాళ్ళ తాతగారట.

ఐదో ఫోటో చూపిద్దామనుకున్న మాష్టారు పోయిన నెల కాలం చేశారు. వెనక వరసలో వాళ్ళెవరో ఇక ఎవరికీ తెలీదు.

మీలో చాలామంది ఇలాంటి పేజీ ఏదో ఒకటి మోస్తూనే ఉంటారు. ఈ ఆదివారం రెండు పనులు చెయ్యండి. జవాబివ్వని ప్రశ్నలకి జవాబివ్వండి. ఆ తరవాత ఒక పాత ఫోటో స్కాన్ చేసి, ఎవరో అడగండి. చెప్పేవాళ్ళు ఉండగానే.