ఊరికే వచ్చిన ఆడగుర్రం

హైదరాబాదులో చలికాలపు రేసులు చివరికొచ్చేసరికి నాకు ఒక రకం ఫోన్లు మొదలవుతాయి. "డాక్టర్ గారూ, మలక్‌పేటలో ఒక మేర్‌ని ఊరికే ఇచ్చేస్తామంటున్నారు. వంశం చాలా మంచిదట. కాలు కాస్త తేడా చేసింది. ఎలాగూ ఎక్కడానికి పనికిరాదు కాబట్టి, జంపింగ్‌కి పనికొచ్చే పిల్లల్ని తీద్దామని." ఏటా మనుషులు మారతారు గానీ మాట మారదు. నేను అడిగే మొదటి ప్రశ్నా మారదు. కాలు ఎందుకు తేడా చేసింది?

మన దేశంలో రైడింగ్ క్లబ్బుల్లోనూ పోటీల్లోనూ కనిపించే గుర్రాల్లో ఎక్కువ భాగం రేసు మైదానం వదిలేసిన థరోబ్రెడ్‌లే. 2023లో హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లో మన డ్రెస్సాజ్ జట్టు స్వర్ణం గెలిచింది. 1982 ఢిల్లీ క్రీడల తర్వాత, అంటే 41 ఏళ్లకు, గుర్రపు స్వారీలో మనకొచ్చిన బంగారు పతకం అది. ఆ రౌతులెక్కినవి యూరప్‌లో పుట్టిన వార్మ్‌బ్లడ్ గుర్రాలు. వాటిని చూశాక ఇలాంటి పిల్లల్ని ఇక్కడే పుట్టించాలన్న ఉత్సాహం చాలామందిలో మొదలైంది. మంచి ఉత్సాహమే. కాకపోతే ఆ ఉత్సాహమంతా స్టాలియన్ మీదే ఖర్చయిపోతోంది. స్టాలియన్ ఫొటోలు, వీడియోలు, తాత ముత్తాతల జాబితా అన్నీ నోటికి చెబుతారు. తల్లి సంగతి అడిగితే మాత్రం "చూడాలండీ, ఏదో ఒకటి దొరుకుతుంది" అంటారు.

జర్మనీలో ఉత్తరాన ఉన్న హోల్‌స్టైన్ ప్రాంతంలో గుర్రాలకు తల్లి వంశాన్ని బట్టి సంఖ్యలు ఇస్తారు. ఫలానా సంఖ్య వంశంలో పుట్టిన ఆడగుర్రం అంటే అక్కడి రైతుకి తల్లి, అమ్మమ్మ, ఆ అమ్మమ్మ తల్లి వరకూ తెలుస్తుంది. హనోవర్ వాళ్లు ఆడగుర్రాలకు విడిగా పరీక్ష పెడతారు. రౌతు లేకుండా గెంతించి చూస్తారు, నడక చూస్తారు, పరిచయం లేని రౌతుని ఎక్కించి ఎలా స్పందిస్తుందో చూస్తారు. దానిలో మంచి మార్కులు తెచ్చుకున్న ఆడగుర్రాన్ని ఏ రైతూ ఊరికే ఇవ్వడు. డబ్బిస్తామన్నా ఇవ్వడు.

కాలి సంగతికొస్తాను. ఒకే ఏడాది నా దగ్గరికి రెండు ఆడగుర్రాలు వచ్చాయి. రెండూ ముందుకాలు కుంటుతూనే వచ్చాయి. మొదటిది పేరున్న స్టాలియన్ కూతురు, రేసుల్లో ఎక్కువ పరిగెత్తలేదు. పక్కనుంచి చూస్తే మోకాలు కాస్త వెనక్కి వంగినట్టు కనిపించింది. అలాంటి నిర్మాణం ఉంటే దౌడు తీసేటప్పుడు మోకాలి ముందు భాగంలోని చిన్న ఎముకల అంచుల మీద ఒత్తిడి పడి ముక్కలు లేస్తాయి. ఎక్స్‌రేలో అదే కనిపించింది. రెండోది అనామకపు వంశం. ఆరేళ్లొచ్చేదాకా పరిగెత్తి, ఒక రేసులో మోకాలి కింద వెనకవైపు నరం, అంటే స్నాయువు, సాగి ఆగిపోయింది. కాళ్లు సూటిగా ఉన్నాయి, డెక్కలు వెడల్పుగా ఉన్నాయి. రెండోదాన్ని తీసుకోమన్నాను. సలహా అడిగినాయన మొదటిదాన్నే తీసుకున్నాడు. దానికి పుట్టిన పిల్ల చూడముచ్చటగా ఉంది, మోకాళ్లు మాత్రం అచ్చం తల్లివే. నాలుగో ఏట చిన్న కంచెలు గెంతించడం మొదలుపెట్టగానే వాచాయి.

పని వల్ల అయిన దెబ్బ వేరు, పుట్టుకతో వచ్చిన నిర్మాణ లోపం వేరు. దెబ్బ తగిలిన గుర్రం పిల్లకి ఆ దెబ్బనివ్వదు. పుట్టుక లోపం ఉన్న గుర్రం ఇవ్వవచ్చు. అయితే దెబ్బ తగిలిన గుర్రమైనా నెలలు నిండాక ఆ బరువుని కుంటికాలి మీద మోయగలదా అన్నది చూడాలి. నిత్యం నొప్పితో ఉండే గుర్రాన్ని చూడి కట్టించడం నాకు సమ్మతం కాదు, దాని వంశం ఎంత గొప్పదైనా సరే.

కొనేవాళ్లు గుర్రం ముఖం చూస్తారు, నేను వెనక్కి వెళ్లి తోక పక్కకి తీస్తాను. అక్కడ చూడాల్సింది చాలా ఉంటుంది. యోని ద్వారం నిలువుగా ఉండాలి, అందులో మూడింట రెండు వంతులైనా కటి ఎముక అంచుకి కిందనే ఉండాలి. రేసు గుర్రాలు కొవ్వు లేకుండా సన్నగా ఉంటాయి కాబట్టి, వయసు మీదపడ్డ గుర్రాలు కండ జారి ఉంటాయి కాబట్టి, మలద్వారం లోపలికి కుంగి, యోని ద్వారం వాలుగా పడుకుంటుంది. అప్పుడు నడకలో గాలి, దానితో పాటు పేడ లోపలికి పోయి గర్భసంచిలో చీము పడుతుంది. ఒక క్లబ్బులో ఇలాంటి గుర్రాన్ని రెండు సీజన్ల పాటు దాటించి, చూడి నిలవలేదని నన్ను పిలిచారు. నేనింకా చెయ్యి కడుక్కోకముందే ముసలి సయీసు ఒకడు మెల్లిగా అన్నాడు: "డాక్టర్ సాబ్, ఇది ఉరికితే ఎన్కనుంచి గాలి చప్పుడొస్తది. నేను ఎప్పటిసంది చెప్తున్న, ఎవ్వరూ ఇనరు." రోగనిర్ధారణ అక్కడితో అయిపోయింది. ద్వారం పై భాగాన్ని కుట్టేస్తే చాలు. కాస్లిక్ అనే అమెరికా పశువైద్యుడు 1937లో రాసిన పద్ధతి అది, ఇప్పటికీ ఆ కుట్టుకి ఆయన పేరే. నాకు తెలిసి ఇంత చిన్న శస్త్రచికిత్స ఇన్ని పిల్లల్ని పుట్టించిన సందర్భం మా వైద్యంలో మరొకటి లేదు. ఒక్క షరతు: ఈనడానికి రెండు మూడు వారాల ముందు ఆ కుట్టు విప్పాలి. విప్పడం మరిచిపోతే చీరుకుపోతుంది. కుట్లున్న గుర్రాన్ని అమ్మేవాళ్లు ఆ మాట చెప్పరు, కొనేవాళ్లకి అడగాలని తెలియదు.

అన్నిటికంటే కష్టమైన సంభాషణ గుర్రం మీద ప్రేమ ఉన్నవాళ్లతో. బెంగళూరులో స్థిరపడిన ఒక తెలుగు కుటుంబం వాళ్ల అమ్మాయి పోటీల్లో ఎక్కిన ఆడగుర్రాన్ని హైదరాబాదుకి తెచ్చింది. దానికి 17 ఏళ్లు. ఎన్నో ట్రోఫీలు తెచ్చింది. ఒక్కసారీ చూడి కట్టలేదు. అమ్మాయి పై చదువుకి వెళ్లిపోతోంది. "దాని పిల్ల ఒకటి ఇంట్లో ఉండాలి డాక్టర్ గారూ" అన్నాడు తండ్రి. వింటుంటే న్యాయంగానే అనిపిస్తుంది. కానీ గర్భసంచికి విశ్రాంతి వేరు, వయసు వేరు. ఎప్పుడూ ఈనని గుర్రానికి పదిహేను దాటాక గర్భసంచి ముఖద్వారం ఎదలో కూడా సరిగా వదులవదు. దాటించాక లోపల చేరిన ద్రవం బయటికి పోదు. మామూలు గుర్రం ఒకట్రెండు రోజుల్లో శుభ్రం చేసుకునే వాపు దీనికి అలాగే ఉండిపోతుంది. బయటినుంచి చూస్తే ఇవేవీ తెలియవు. ఎదకి చక్కగా 21 రోజులకోసారి వస్తూనే ఉంటుంది.

స్కాన్ చేశాను, తిత్తులు కనిపించాయి. గర్భసంచి లోపలి పొరలో చిన్న ముక్క తీసి ల్యాబుకి పంపాను. కెన్నీ, డోయిగ్ అనే ఇద్దరి పేర్ల మీద ఉన్న వర్గీకరణ ప్రకారం ఆ ముక్కకి గ్రేడ్ ఇస్తారు. మొదటి గ్రేడ్ అయితే నెలలు నిండి ఈనే అవకాశం 80 నుంచి 90 శాతం. రెండులో ఎ అయితే 50 నుంచి 80. రెండులో బి అయితే 10 నుంచి 50. మూడు అయితే పదికి మించదు. ఈ గుర్రానికి రెండులో బి వచ్చింది. తండ్రి ఆ కాగితాన్ని చాలాసేపు చూసి, "యాభై అని కూడా రాశారు కదండీ" అన్నాడు. పది అని కూడా రాశారన్నాను. ఆశపడేవాళ్ల కన్ను పెద్ద అంకె మీదే నిలుస్తుంది. రేసు గుర్రాలను పెంచే స్టడ్ ఫారాల్లో ఈ పరీక్ష మామూలే. వాళ్లకి ప్రతి సీజనూ డబ్బు. స్పోర్ట్ గుర్రం కోసం వచ్చేవాళ్లలో దీని పేరు విన్నవాళ్లే తక్కువ.

ఇలాంటి గుర్రానికి మరో దారి ఉంది. పిండాన్ని కడిగి తీసి వేరే ఆడగుర్రం గర్భంలో పెట్టడం. రిజిస్టర్డ్ థరోబ్రెడ్‌లకి పిండ మార్పిడీ, కృత్రిమ గర్భధారణా నిషేధం. స్పోర్ట్ గుర్రాల సంఘాలు చాలావరకు రెండింటినీ ఒప్పుకుంటాయి. మన దేశంలోనూ బికనేర్‌లోని జాతీయ అశ్వ పరిశోధన కేంద్రం విభాగంలో 2023లో పిండ మార్పిడి ద్వారా మార్వారీ పిల్ల పుట్టింది. దానికి రాజ్-ప్రథమ అని పేరు పెట్టారు. కాబట్టి ఇది ఇక మనకి అందని విద్యేమీ కాదు. ఖర్చు, నైపుణ్యం, సరైన సమయానికి సిద్ధంగా ఉండే పెంపుడు తల్లి, ఈ మూడూ ఒకచోట దొరకడమే కష్టం. పైగా వయసు మీరిన తల్లి అండం వయసూ మీరి ఉంటుంది. గర్భసంచి మార్చినంత మాత్రాన అది పడుచుదైపోదు.

పెంపుడు తల్లి అంటే ఏదో ఒక పొట్టి గుర్రం చాలుననుకునేవాళ్లకి నేను ఒక పాత ప్రయోగం చెబుతుంటాను. 1938లో వాల్టన్, హామండ్ అనే ఇద్దరు ఇంగ్లండ్ శాస్త్రవేత్తలు భారీ షైర్ గుర్రాలనీ, చిట్టి షెట్‌లాండ్ పోనీలనీ కృత్రిమ గర్భధారణతో అటూ ఇటూ సంకరం చేసిన ఫలితాలు ప్రకటించారు. రెండు వైపులా జన్యువులు సగం సగమే. అయినా షైర్ తల్లికి పుట్టిన పిల్ల షెట్‌లాండ్ తల్లికి పుట్టిన పిల్లకంటే మూడింతల బరువుంది. తేడా పుట్టినప్పుడే కాదు, పెరిగాకా పోలేదు. తండ్రి ఎంత పెద్దదైనా గర్భసంచి ఇచ్చే చోటు, మాయ అందించే ఆహారం తల్లివి. పిల్లకి సగం జన్యువులిచ్చేది తండ్రే గానీ, పదకొండు నెలల ఇల్లు, ఆ తర్వాత ఆరు నెలల పాలు, బుద్ధి తల్లి దగ్గరివే.

బుద్ధి అన్నాను. అది ఊరికే అన్న మాట కాదు. మనిషి దగ్గరికి వస్తే చెవులు వెనక్కి పెట్టి పళ్లు చూపించే తల్లి పక్కన పెరిగిన పిల్ల మొదటి వారంలోనే మనిషంటే ఏమిటో తేల్చేసుకుంటుంది. ఫ్రాన్స్‌లో చేసిన ఒక పరిశోధనలో పిల్లని అసలు ముట్టుకోకుండా, మొదటి కొద్ది రోజులు తల్లిని మాత్రం దువ్వి, చేత్తో దాణా పెట్టారు. తర్వాత ఆ పిల్లలు మనుషుల దగ్గరికి సులువుగా వచ్చాయి. నేను చూసిన వాటిల్లో మంచి పిల్లల్నిచ్చిన ఆడగుర్రం ఒకటి మొయినాబాద్ వైపు రైడింగ్ స్కూల్లో ఉండేది. గోధుమరంగు, మామూలు ఎత్తు, పత్రాల్లో గొప్పగా చెప్పుకోవడానికేమీ లేదు. స్వారీ నేర్చుకునే పిల్లలు జీను సరిగా కట్టకపోయినా ఓపిగ్గా నిలబడేది. కంచె ఎదురైతే మాత్రం తనే అడుగులు సర్దుకుని, వెన్ను గుండ్రంగా చేసి దాటేది. దాని మూడు ఈతల్లోనూ ఆ వెన్ను కనిపించింది, ఆ నిదానమూ కనిపించింది. యజమాని దాన్ని కొన్నది పిల్లల కోసం కాదు, బేరంలో చవగ్గా వచ్చిందని.

పోటీల్లో గెలిచిన ఆడగుర్రమే మంచి తల్లి అవుతుందా? అవునని చెప్పలేను, కాదనీ చెప్పలేను. 1956 ఒలింపిక్స్‌లో గుర్రపు పోటీలు ఆస్ట్రేలియా క్వారంటైన్ నిబంధనల వల్ల స్టాక్‌హోమ్‌లో జరిగాయి. అక్కడ గాయపడ్డ రౌతు వింక్లర్‌ని వీపున మోస్తూ, తప్పు లేకుండా కంచెలు దాటి స్వర్ణం తెచ్చిన హాలా చరిత్రలో నిలిచిపోయింది. తర్వాత ఎనిమిది పిల్లల్ని ఈనింది. ఒక్కటీ తల్లి స్థాయికి రాలేదు. ఇంకోవైపు రతీనా జెడ్ ఉంది. 1992 బార్సిలోనాలో నెదర్లాండ్స్‌కి జట్టు స్వర్ణం, వ్యక్తిగత రజతం, 1996 అట్లాంటాలో జర్మనీకి జట్టు స్వర్ణం తెచ్చింది. దాని కొడుకు కోమ్ ఇల్ ఫో ఈనాటి పేరున్న స్టాలియన్లలో ఒకడు. రతీనా వెనక రమీరో, అల్మే లాంటి జంపింగ్ రక్తం తరతరాలుగా ఉంది. హాలా తల్లి వంశానికి సరైన ఆధారాలే లేవు. గెలుపు ఒక్క గుర్రానిది కావచ్చు, వంశంలో ఉన్నది మళ్లీ మళ్లీ వస్తుంది. నా లెక్క ఇదే, తప్పని వాదించేవాళ్లూ ఉన్నారు.

పరీక్షల సంగతి క్లుప్తంగా. గ్లాండర్స్, ఈక్విన్ ఇన్ఫెక్షియస్ ఎనీమియా రక్తపరీక్షలు లేకుండా ఏ గుర్రాన్నీ మీ గుర్రాల మధ్యకి తేవద్దు. గ్లాండర్స్ మనుషులకీ వస్తుంది. గర్భసంచి ముఖద్వారం నుంచి స్వాబ్ తీసి కల్చర్ చేయించాలి. వార్మ్‌బ్లడ్ రక్తం ఉన్నదైతే ఫ్రాజైల్ ఫోల్ సిండ్రోమ్ జన్యువు పరీక్ష కూడా. జూలు వెంట్రుకలు కుదుళ్లతో పంపితే చాలు. తల్లీ తండ్రీ ఇద్దరూ మోస్తూ ఉంటే నాలుగింట ఒక వంతు అవకాశంతో చర్మం నిలవని పిల్ల పుడుతుంది, బతకదు. మోసే గుర్రానికి ఏ లక్షణమూ ఉండదు.

పాలు, తల్లితనం గురించి కాగితాలు ఏమీ చెప్పవు, ముందు ఈతలే చెప్పాలి. గుర్రపు పిల్లకి తల్లి గర్భంలో రోగనిరోధక శక్తి అందదు, అంతా ముర్రుపాల నుంచే రావాలి, అదీ మొదటి రోజే. ఈనకముందే పాలు కారిపోయే గుర్రాలుంటాయి. పొదుగు ముట్టనివ్వక పిల్లని తన్నే గుర్రాలుంటాయి. తొలి ఈత గుర్రం తన్నితే రాత్రంతా సయీసు దాని తలపట్టుకుని నిలబడి, తెల్లారేసరికి దారికి తెచ్చిన సందర్భాలు చూశాను. ప్రతి ఈతలోనూ అదే పని చేసేదాన్ని మాత్రం పిల్లల కోసం ఉంచకూడదు.

ఈ ఏడాది దాటిస్తే, పదకొండు నెలలకి ఈనితే, ఆరు నెలలకి పాలు మాన్పిస్తే, మూడేళ్లు దాటాక జీను వేస్తే, కంచెల దగ్గర దాని సత్తా తెలిసేసరికి ఐదారేళ్లు పడుతుంది. ఆ లెక్కలో ఆడగుర్రం ధర చాలా చిన్న మొత్తం. అందుకే ఊరికే వచ్చినా, బయానా ఇచ్చి కొన్నా, లారీ మాట్లాడకముందే నాలుగు సంగతులు రాతపూర్వకంగా అడగండి: పరుగు ఎందుకు మాన్పించారు, ఎన్ని సీజన్లు దాటించారు, ఎన్నిసార్లు నెలలు నిండి ఈనింది, కుట్లు ఉన్నాయా. జవాబు రాసివ్వడానికి వెనకాడేవాళ్ల గుర్రాన్ని పిల్లల కోసం తీసుకోకండి.