తెల్లారితే తలనొప్పి

పొద్దున లేవగానే మీరు మొదట ఏం చూస్తారు? కొందరు అరచేతులు చూసుకుంటారు, కొందరు దేవుడి పటం చూస్తారు. రెండేళ్ళ పాటు నేను మాత్రం కళ్ళు తెరవకుండానే తల ఎటువైపు నొప్పిగా ఉందో చూసుకునేదాన్ని. కుడి కణత అయితే మధ్యాహ్నానికి తగ్గేది. ఎడమ కణతలో మొదలై మెడ వెనక్కి పాకిందంటే ఆ రోజు ఇక అయిపోయినట్టే. గుమ్మంలో పాల ప్యాకెట్లు పడిన చప్పుడు కూడా నెత్తిమీద సుత్తితో కొట్టినట్టుండేది.

నాకిప్పుడు నలభై ఏడు. తణుకు దగ్గర పల్లెటూరు మాది. మావారు రైసుమిల్లులో గుమాస్తా. పెద్దమ్మాయికి పెళ్ళయింది, అబ్బాయి ఇంజనీరింగు చదువుతున్నాడు. అత్తయ్యగారు మా దగ్గరే ఉంటారు. నేను ఇంటర్మీడియెట్‌తో చదువు ఆపేసిన మనిషిని. అంచేత ఇందులో నాకు జరిగిందీ, డాక్టరమ్మని అడిగి తెలుసుకున్నదీ తప్ప మరేమీ ఉండదు.

నలభై నాలుగో ఏట మొదలైందండీ ఈ గొడవ. అప్పటిదాకా నాకు నెలసరి గడియారం చూసుకుని వచ్చినట్టు వచ్చేది. ఉన్నట్టుండి ఒక నెల ఇరవై రోజులకే వచ్చింది. తరువాత రెండు నెలలు రానేలేదు. మూడో నెల వచ్చి తొమ్మిది రోజులు ఆగలేదు. రాత్రి రెండు గంటలకి గుండెల్లోంచి సెగ లేచినట్టు వేడి, జాకెట్టు తడిసేంత చెమట. నేను ఫ్యాను అయిదులో పెడితే మావారు చలికి దుప్పటి ముసుగు తన్నేవారు. అలా లేచిన దాన్ని మళ్ళీ నిద్ర పట్టక దొర్లి దొర్లి, తెల్లవారుజామున కాస్త కన్ను మూతపడితే, లేచేసరికి తలనొప్పి సిద్ధంగా ఉండేది. దానికి తోడు కడుపులో తిప్పుడు. పోపులో ఇంగువ వాసనకి వాంతి వచ్చినట్టయ్యేది. ఈ వయసులో ఇవేం వేవిళ్ళు తల్లీ అని భయపడ్డాను కూడా. నవ్వకండి! మందుల షాపు నుంచి పరీక్ష పట్టీ తెప్పించుకోవడానికి ఎంత సిగ్గుపడ్డానో నాకే తెలుసు. (తరువాత డాక్టరమ్మ అన్నారు, నెలసరి పూర్తిగా ఆగేదాకా గర్భం వచ్చే అవకాశం ఉంటుందట, అలా చూసుకోవడమే మంచిదట.)

ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. ఏమని చెప్పాలి? జ్వరమైతే చెయ్యి పెట్టి చూస్తారు. తలనొప్పి అంటే 'కాసేపు పడుకో' అంటారు, పడుకుంటే పని ఎవరు చేస్తారు? మందుల షాపు కుర్రాడు ఇచ్చిన మాత్ర మొదట సగం వేసుకునేదాన్ని. తరువాత ఒకటి. ఆ తరువాత కాఫీ తాగకముందే ఒకటి, మధ్యాహ్నం ఇంకొకటి. మాత్రలు ఎక్కడ దాచానో తెలుసా? పోపుల పెట్టెలో, మెంతుల గిన్నె అడుగున. మా ఇంట్లో నేను తప్ప ఆ పెట్టె మూత తీసేవాళ్ళు లేరు మరి.

ఇలా ఉండగా ఒకరోజు అత్తయ్యగారు రెండోసారి కాఫీ అడిగారు. ఆవిడకి డెబ్భై ఎనిమిదేళ్ళు. అడగడం కూడా మెల్లగానే అడిగారు. నేను గ్లాసు ఠంగుమని గట్టు మీద కొట్టి, "పొద్దస్తమానం మీకు కాఫీ తప్ప ఇంకో ధ్యాసే లేదా?" అనేశాను. ఇరవై నాలుగేళ్ళ కాపురంలో ఆవిడని అంత మాట ఎప్పుడూ అనలేదు. ఆవిడ ఏమీ అనలేదు. వారం రోజులు రెండో కాఫీ అడగలేదు. ఆ వారం నేను పడ్డ బాధ ముందు తలనొప్పి ఏపాటిదండీ!

వీధిలో వాళ్ళకి సంగతి ఎలాగో తెలిసింది. పక్కింటి పిన్నిగారు వచ్చి కూర్చుని, "గర్భసంచి తీయించేసుకోమ్మా, పీడా పోతుంది. పిల్లలు పుట్టేశారు కదా, ఇంకా దాంతో పనేముంది?" అన్నారు. ఆవిడ చెడ్డగా చెప్పలేదు. మా వీధిలో వేళ్ళ మీద లెక్కపెడితే ఏడుగురు తీయించుకున్నవాళ్ళే. టౌనులో ఒక ప్రైవేటు ఆసుపత్రికి వెళితే స్కానింగు తీసి, చిన్న గడ్డ ఉంది, ఉంచుకుంటే ముందు ముందు క్యాన్సరు కావచ్చు, సంచి తీసేస్తే తలనొప్పులు కూడా పోతాయి, వచ్చే వారం చేరిపోండి అన్నారు. క్యాన్సరు అన్న మాట విన్నాక ఇంక ఆలోచన ఏముంటుంది? మావారు ఆ రాత్రే నా గాజులు బ్యాంకులో పెట్టే సంగతి ఎత్తారు. నేను పెట్టె కూడా సర్దుకున్నాను.

మా అక్కయ్యకి ఫోను చేసి, అత్తయ్యగారికి తోడుగా నాలుగు రోజులు వచ్చి ఉండమని అడిగాను. అక్కయ్యకి ముప్ఫై ఆరో ఏటే సంచి తీసేశారు, దాంతో పాటు అండాశయాలు కూడా. అక్కయ్య కాసేపు మాట్లాడలేదు. తరువాత అంది, "తలనొప్పి పోతుందని నాకూ చెప్పారే చెల్లీ. సంచి పోయింది, తలనొప్పి పోలేదు. పైగా యాభై రాకుండానే ఎముకలు గుల్లబారాయన్నారు. నువ్వు ఆగు. నేను వస్తాను, కానీ ఆపరేషనుకి కాదు."

మర్నాడే వచ్చి నన్ను రాజమండ్రి తీసుకువెళ్ళింది.

అక్కడ డాక్టరమ్మ నన్ను పరీక్ష చేయడానికి ముందు అరగంట ప్రశ్నలే అడిగారు. చిన్నప్పుడు కూడా నెలసరి ముందు తలనొప్పి వచ్చేదా? (వచ్చేది. పెళ్ళికి ముందు కాలేజీ రోజుల్లో. మరిచేపోయాను!) నిద్ర ఎలా ఉంది? గురక పెడతారా? ఈ ప్రశ్నకి నేను లేదన్నాను, మావారు పైకప్పు వైపు చూశారు. గురక మధ్యలో ఊపిరి ఆగి ఆగి వచ్చేవాళ్ళకి పొద్దున్నే తలనొప్పి రావడం ఉంటుందట, నాకు అంత లేదని మావారు ధైర్యం చేసి చెప్పారు. చివరికి, "మాత్రలు నెలకి ఎన్ని వేసుకుంటున్నావమ్మా?" అన్నారు. నేను మనసులో లెక్క కట్టి నలభై దాటుతాయని చెప్పేసరికి మావారు నా వైపు తిరిగి చూసిన చూపు ఇప్పటికీ మరిచిపోలేను. ఆయనకి ఒక్కటి కూడా తెలియదు కదా.

డాక్టరమ్మ చెప్పింది నాకు అర్థమైనంత వరకూ రాస్తాను. వేసవిలో మన పల్లెల్లో కరెంటు చూడండి. అసలు పోతే చీకటికి అలవాటు పడతాం. పెరిగి తగ్గి, పెరిగి తగ్గితేనే బల్బులు కొట్టుకుపోతాయి. నెలసరి ఆగిపోయే ముందు కొన్నేళ్ళు ఈస్ట్రోజెన్ అనే హార్మోను అలాగే ఎగుడుదిగుడుగా ఉంటుందట. ఆ ఎగుడుదిగుడే తలకి పడదు. వయసులో ఉన్నప్పుడు మైగ్రేను ఉన్నవాళ్ళకి ఈ ఏళ్ళలో అది ఎక్కువవుతుంది. నెలసరి పూర్తిగా ఆగిపోయాక చాలామందికి తగ్గుముఖం పడుతుంది. పన్నెండు నెలలు వరసగా రాకపోతేనే ఆగినట్టు లెక్క. అండాశయాలు తీసేస్తే మాత్రం హార్మోను ఒక్కసారిగా పడిపోతుంది కనుక తలనొప్పి ఇంకా పెరగవచ్చునట, అక్కయ్యకి జరిగినట్టు. నా గడ్డ సంగతి అడిగాను. అలాంటివి ఈ వయసులో ఎంతోమందికి ఉంటాయి, క్యాన్సరుగా మారడం చాలా చాలా అరుదు, నెలసరి ఆగాక మామూలుగా అవే చిన్నవవుతాయి అన్నారు. బయటికి వచ్చాక అక్కయ్య చెట్టు కింద బెంచీ మీద కూర్చుని ఏడ్చింది. నాకోసం కాదు, పదమూడేళ్ళ కిందటి తనకోసం.

ఇంటికొచ్చాక అబ్బాయి ఫోనులో వెతికి చూపించాడు. 2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో, 15 నుంచి 49 ఏళ్ళ ఆడవాళ్ళలో గర్భసంచి తీసేసినవాళ్ళు దేశం మొత్తం మీద నూటికి ముగ్గురైతే, మన ఆంధ్రప్రదేశ్‌లో దాదాపు తొమ్మిదిమంది, తెలంగాణలో దాదాపు ఎనిమిదిమంది! అవసరమై తీసినవి లేవని నేననను. పెద్ద గడ్డలు, ఆగని రక్తస్రావం, నిజంగా క్యాన్సరు ఉంటే తీయాల్సిందే. కానీ తలనొప్పికి సంచి తీయడమేమిటండీ?

పరీక్షల్లో బి.పి., థైరాయిడ్ బాగానే ఉన్నాయి. హిమోగ్లోబిన్ మాత్రం 8.4. ఆడవాళ్ళకి 12 ఉండాలట. తొమ్మిదేసి రోజులు పోతుంటే ఇంకెక్కడ ఉంటుంది? ఒక్క రక్తం తక్కువైనా తలనొప్పి, ఆయాసం, చిరాకు వస్తాయట. ఇక నేను తెల్లబోయిన సంగతి మాత్రలది. మామూలు నొప్పి మాత్రలు నెలకి పదిహేను రోజులు, రెండు మూడు మందులు కలిపిన మాత్రలైతే పది రోజులు మించి నెలల తరబడి వాడితే, ఆ మాత్రలే తలనొప్పి తెప్పిస్తాయట. నేను నొప్పి కోసం మాత్ర, మాత్ర కోసం నొప్పి అన్నట్టు తయారయ్యానన్నమాట.

ఆ మాత్రలు మానేసిన పది రోజులూ ఎలా గడిచాయో రాయలేను. మూడో రోజు గోడకి తల ఆనించి కూర్చున్నాను. మావారు ఉప్మా చేశారు, ఉండలు కట్టింది, అయినా తిన్నాను. అత్తయ్యగారు శొంఠి అరగదీసి నా నుదుటికి పట్టు వేసి, పక్కనే కూర్చున్నారు. నేను కాఫీ మాట ఎత్తి ఏడ్చాను. ఆవిడ ఏమన్నారో తెలుసా? "ఊరుకోవే. నీ ఈడులో నేను మీ మావగారి మీద ఇత్తడి చెంబు విసిరాను. ఆయన తల వంచుకున్నారు కాబట్టి సరిపోయింది. మాకు ఇదేమిటో చెప్పేవాళ్ళెవరు? గాలి సోకిందని తాయెత్తు కట్టించారు." ఆ నొప్పిలోనూ నవ్వొచ్చింది.

డాక్టరమ్మ నాకు మందుల కన్నా ముందు ఇచ్చింది ఒక పని. తలనొప్పి వచ్చిన రోజు, నెలసరి రోజు రాసుకోమన్నారు. వేరే పుస్తకం ఎందుకని, పాల లెక్క వేసే క్యాలెండరు మీదే 'త' అనీ, 'నె' అనీ రాశాను. మూడు నెలలయ్యేసరికి నాకే అర్థమైంది. నెలసరికి రెండు రోజుల ముందు 'త'. నిద్ర లేని రాత్రి మర్నాడు 'త'. ఇంకా, చెబితే నమ్మరు, ప్రతి శనివారం 'త'! శనివారం నాకు ఉపవాసం. మధ్యాహ్నం దాకా పచ్చి మంచినీళ్ళు తప్ప ముట్టను. కాఫీ అలవాటైన ఒంటికి ఒక్క రోజు కాఫీ మానినా, కడుపు ఖాళీగా ఉంచినా ఈ రకం తలనొప్పి పట్టుకుంటుందట. వెంకటేశ్వరస్వామికి దణ్ణం పెట్టుకుని, శనివారం కూడా ఏడింటికల్లా పండూ, ఎప్పటి కాఫీ అప్పుడూ తీసుకోవడం మొదలుపెట్టాను. కార్తీక మాసంలో దీపాలు పెట్టాను గానీ నక్షత్రం దాకా ఉండలేదు. పిన్నిగారు మూతి తిప్పారు. తిప్పనివ్వండి.

రక్తస్రావానికీ, రక్తం పట్టడానికీ మందులిచ్చారు. పేర్లు రాయడం లేదు, నావి మీకు పనికిరావు. ఐరన్ మాత్ర మాత్రం కాఫీతోనో పాలతోనో వేసుకోకండి, ఒంటికి పట్టదు. నేను నిమ్మకాయ నీళ్ళతో వేసుకుని గంట దాకా కాఫీ ముట్టను. వారానికి రెండుసార్లు మునగాకు పప్పు, ఓ రోజు తోటకూర, సాయంత్రం నువ్వుల ఉండ. నాలుగు నెలలకి 11.2 వచ్చింది. ఇంకొక మాట. తలనొప్పికి ముందు కళ్ళ ముందు వంకర టింకర వెలుగులు కనిపించేవాళ్ళు, హార్మోను మాత్రలు రాయించుకునే ముందు ఆ సంగతి డాక్టరుకి తప్పకుండా చెప్పాలట. కొన్ని రకాల మాత్రలు అలాంటివాళ్ళకి పక్షవాతం ప్రమాదాన్ని పెంచుతాయి. ఎప్పుడూ లేనంత నొప్పి పిడుగు పడ్డట్టు వచ్చినా, మాట తడబడినా, చెయ్యో కాలో పట్టు తప్పినా, చూపు పోయినా ఇంట్లో శొంఠి పట్టు వేసుకుని కూర్చోకూడదు, వెంటనే ఆసుపత్రికి పోవాలి. యాభై దాటాక కొత్తగా తలనొప్పి మొదలైనా, నెలసరి ఆగి ఏడాది అయ్యాక మళ్ళీ కనిపించినా చూపించుకోవాలి.

నాకు పూర్తిగా తగ్గిందని చెప్పను. ఈ నెల క్యాలెండరు మీద నాలుగు 'త'లు ఉన్నాయి. ఒకప్పుడు ఇరవై రెండు ఉండేవి. వేడి ఆవిర్లు ఇంకా వస్తున్నాయి, మావారు మాత్రం దుప్పటితో పాటు ఒక శాలువా కూడా పక్కన పెట్టుకుని పడుకుంటున్నారు. పోపుల పెట్టెలో మెంతుల కింద ఇప్పుడు మెంతులే ఉన్నాయి.

అక్కయ్య ఎముకలకి మందులు వాడుతోంది. నెలకోసారి నేనే వెంట వెళుతున్నాను.

అత్తయ్యగారు లోపలినుంచి పిలుస్తున్నారు. రెండో కాఫీ వేళయింది, ఇచ్చి వస్తాను.