మామూ, సిరంజి, అనంతగిరి ఘాట్

మెకానిక్ షెడ్డులో సగం మాటలు మనవే. పానా, పేచ్‌కస్, హతోడీ, ఉస్తాద్, షాగిర్ద్, మరమ్మత్. విజయవాడ ఆటోనగర్‌లో మా మామూ షెడ్డుకి ఏ ఊరి లారీ ఓనరు వచ్చినా పానా అనే అనేవాడు. నేను చదివిన ఉర్దూ మీడియం బడిలో ఫిజిక్స్ సార్ ప్రెషర్‌ని దబావ్ అనేవారు. డిగ్రీలో తెలుగు తీసుకున్నాక అదే మాట పీడనం అయింది. తెలుగు క్లాసులో పీడనం అంటే దొరలు చేసేది. గొట్టంలో నూనెకీ పీడనం ఉంటుందని అక్కడ ఎవరూ చెప్పలేదు. అది చెప్పింది ఐదో తరగతితో బడి మానేసిన మామూ.

మామూది నలభై ఏళ్ల మిస్త్రీ పని. లారీ బ్రేకులు, క్లచ్‌లు. నాలుగేళ్ల క్రితం చేతుల్లో వణుకు మొదలై షెడ్డు మూసేశాడు. కొడుకులిద్దరూ దమ్మామ్‌లో. ఫోన్ చేసినప్పుడల్లా ఒకటే మాట, "అబ్బా, ఇక పానా ముట్టుకోవద్దు, ఆరామ్ చెయ్." ఆరామ్ ఆయన్ని ఎంత ముసలివాణ్ణి చేసిందో ఆ పిల్లలకి తెలియదు. టీవీ ముందు కూర్చుని రిమోట్‌ని విప్పి బిగించే మనిషిని ముమానీ రోజూ చూస్తోంది.

కాస్త మార్పు ఉంటుందని గత డిసెంబర్‌లో మామూని, ముమానీని మాతోపాటు అరకు తీసుకెళ్లాం. విశాఖ నుంచి దాదాపు 115 కిలోమీటర్లు. శృంగవరపుకోట దాటి బొడ్డవర దగ్గర మొదలవుతుంది కొండ. మాట్లాడుకున్న జీపు డ్రైవర్ అరకు పక్క గూడెం కుర్రాడు, పాతికేళ్లుంటాయి. బండి ఫైనాన్స్‌ది. సీజన్ మూడు నెలలు తిరిగితేనే ఏడాది కిస్తీలు కట్టగలనన్నాడు.

టైడా దాటినప్పటి నుంచి అతను గేరు మార్చాలంటే క్లచ్‌ని మూడేసి సార్లు తొక్కుతున్నాడు. వెనక సీట్లో మామూ తస్బీహ్ తిప్పడం ఆపేశాడు. ఆ చెవులు ఇంకా షెడ్డులోనే ఉన్నాయి. అనంతగిరి చేరేసరికి పెడల్ నేలకి అతుక్కుపోయింది. ఎలాగో రోడ్డు పక్కకి లాగి, చక్రాల కింద రాళ్లు పెట్టాడు.

"ఏటి సెయ్యాలో తెలట్లేదు సాయిబు గారూ. మొన్నే కింద కొత్త మాస్టర్ సిలిండర్ ఎయించినాను. మూడు వేల రెండొందలు అయ్యింది. మళ్లీ ఇలా అయితే గేర్‌బాక్స్ దించాలన్నారు, తొమ్మిది వేలంట." ఆ తొమ్మిది వేలు వడ్డీకి తేవాలని అతని మొహమే చెబుతోంది.

మామూ దిగాడు. ముమానీ అడ్డం చెప్పబోయి ఊరుకుంది.

"పైలే దేఖ్, బాద్ మే ఖోల్" అనేది మామూ ఖానూన్. ముందు చూడు, తర్వాత విప్పు. ఈ రోజుల్లో చాలా షెడ్లలో ఇది తిరగబడింది. సామాను మార్చడమే మరమ్మత్ అయిపోయింది.

ట్యాంకులో ఆయిల్ ఉంది. పెడల్ పైన, మాస్టర్ సిలిండర్ వెనక వేలు పెట్టి చూశాడు, పొడిగా ఉంది. కింద గేర్‌బాక్స్ పక్కనుండే స్లేవ్ సిలిండర్ రబ్బరు తొడుగు ఎత్తి చూడమన్నాడు. అదీ పొడే. రబ్బరు గొట్టం ఎక్కడా ఉబ్బలేదు. అంటే ఆయిల్ బయటికి పోవడం లేదు. తర్వాత నన్ను పెడల్ తొక్కమని, కుర్రాడిని కింద స్లేవ్ కడ్డీ ఎంత కదులుతుందో చూడమన్నాడు. "గోరు మందం" అన్నాడు కుర్రాడు. గబగబా పదిసార్లు తొక్కాక ఇంకాస్త ఎక్కువ కదిలింది.

"హవా హై" అన్నాడు మామూ.

పిల్లలకి ఆయన చెప్పినట్టే ఇక్కడ రాస్తాను. రెండు సిరంజిలు తీసుకో, మధ్యలో గొట్టం కలుపు, నిండా నీళ్లు నింపు. ఒకటి నొక్కితే రెండోది లేస్తుంది. క్లచ్ అంతే. నొక్కినా నీళ్లు కుంచించుకోవు, దబావ్ ఆ చివరిదాకా పోతుంది. ఈ సంగతి రాసిన ఫ్రాన్స్ పండితుడు పాస్కల్ 1662లో పోయాడు, పుస్తకం మరుసటి ఏడాది 1663లో అచ్చయింది. ఇప్పుడా గొట్టంలో ఒక గాలి బుడగ ఉందనుకో. నొక్కిన నొక్కుడంతా బుడగని కుదించడానికే సరిపోతుంది. పెడల్ ఒక్కసారి నెట్టే ఆయిల్ కొద్ది మిల్లీలీటర్లే కాబట్టి చిన్న బుడగ చాలు. గబగబా తొక్కితే కాస్త పట్టిందంటే గాలి. బయట చుక్క కారకుండా, ఎంత తొక్కినా పట్టకుండా మెల్లగా దిగిపోతే మాస్టర్ లోపలి వాషర్లు ఆయిల్‌ని వెనక్కి వదులుతున్నట్టు.

మరి కింద షెడ్డులో గాలి తీయలేదా? తీశారు. మామూ ఆ పైపుని వేలితో చూపించాడు. మాస్టర్ నుంచి బయల్దేరి, ఒకచోట గూనిలా పైకి లేచి, అప్పుడు కిందికి దిగుతుంది. బుడగ ఆ గూనిలో కూర్చుంటుంది. పెడల్ తొక్కి నిపుల్ తెరిస్తే కాస్త కిందికి జరుగుతుంది, మళ్లీ పైకి ఎగబాకుతుంది. గాలి గుణం పైకి పోవడం, వీళ్లేమో కిందికి లాగుతున్నారు. కాబట్టి ఉల్టా చేయాలి. కింద నుంచి ఆయిల్ ఎక్కించి, గాలిని పైన ట్యాంకులోకి పంపాలి.

మెడికల్ షాపులో 20 ఎం.ఎల్. సిరంజి, ఒక సెలైన్ పైపు దొరికాయి. డ్యాష్‌బోర్డులో మిగిలిన బ్రేక్ ఆయిల్ ఉంది. "సీల్ ఎప్పుడు తీశావ్?" అని అడిగి, మొన్ననే అన్నాక గానీ ముట్టుకోలేదు. బ్రేక్ ఆయిల్ గాలిలో తేమ పీల్చుకుంటుంది, నెలల తరబడి మూత తీసి ఉంచింది వాడకూడదు. ఇంజన్ ఆయిల్ ఆ ట్యాంకులో పోస్తే రబ్బరు వాషర్లన్నీ ఉబ్బి చెడిపోతాయి.

ట్యాంకులోంచి కాస్త ఆయిల్ తీసి చోటు చేశాడు. పైపు నిండా ఆయిల్ నింపి నిపుల్‌కి తొడిగించి, అర తిప్పు తిప్పించి, సిరంజిని తనే నొక్కాడు. అది కదల్లేదు. ఇంకాస్త బలం పెట్టాడు, చేయి వణికింది గానీ సిరంజి దిగలేదు. కుర్రాడు నా వైపు చూశాడు. నిజం చెప్పాలంటే నాకు కాళ్లలో చలి పుట్టింది, బండి గురించి కాదు.

మామూ లేచి మళ్లీ పెడల్ దగ్గరికి వెళ్లాడు. కడ్డీని రెండు వేళ్లతో ఆడించాడు. ఆడలేదు. "యే దేఖో!" అన్నాడు, దొంగ దొరికినట్టు. కొత్త సిలిండర్ వేసినవాళ్లు కడ్డీని బిగుతుగా బిగించేశారు. దానికి ఒకటి రెండు మిల్లీమీటర్ల ఆట ఉండాలి. లేకపోతే పిస్టన్ పూర్తిగా వెనక్కి రాదు, ట్యాంకులోకి పోయే సన్న చిల్లు మూసుకునే ఉంటుంది. గాలి పైకి పోదామన్నా దర్వాజా బంద్. లాక్ నట్ వదులు చేసి, కడ్డీకి ఆట ఇచ్చి, మళ్లీ సిరంజి పట్టాడు. ఈసారి మెత్తగా దిగింది.

ట్యాంకు దగ్గర సెల్‌ఫోన్ లైటు పట్టుకున్న మా పెద్దమ్మాయి అరిచింది, "అబ్బా, బుడగలు! చాలా!"

సిరంజి మూడుసార్లు నింపాక బుడగలు ఆగాయి. తర్వాత మామూలు పద్ధతిలో ఒకసారి. నేను పెడల్ మీద, ఆయన కింద. "దబా... పకడ్... ఛోడ్ నక్కో!" నిపుల్ బిగించాకే వదలాలి, లేకపోతే గాలి మళ్లీ లోపలికి. చిన్నప్పుడు సెలవుల్లో ఆ షెడ్డులో విన్న గొంతే. ఇప్పుడు కడ్డీ అర అంగుళం పైనే కదిలింది. ఇంజన్ స్టార్ట్ చేస్తే మొదటి గేరు చప్పుడు లేకుండా పడింది.

కుర్రాడు కిరాయిలో ఐదొందలు తగ్గిస్తానన్నాడు. మామూ ఒప్పుకోలేదు. కిస్తీ తేదీ ఎప్పుడని అడిగాడు, ఐదో తారీకు అన్నాడతను. "ఆటోనగర్‌లో గేర్‌బాక్స్ మాటెత్తితే ముందు నాకు ఫోన్ చెయ్" అని, ఎన్నడూ గుర్తుండని తన సెల్ నంబరు గడగడా చెప్పాడు. కుర్రాడికి అనంతగిరికి, ఆటోనగర్‌కి సంబంధమేంటో అర్థం కాకపోయినా రాసుకున్నాడు. సిరంజి, పైపు తుడిచి డ్యాష్‌బోర్డులో పెట్టుకున్నాడు.

సిల్వర్ ఓక్ చెట్ల మధ్య నుంచి, మిరియాల తీగలు, కాఫీ తోటలు దాటుకుంటూ అరకు చేరేసరికి అసర్ వేళయింది. వుజూకి ముందు మామూ మూడుసార్లు సబ్బు రుద్దుకున్నాడు. బ్రేక్ ఆయిల్ జిడ్డు అంత తేలిగ్గా పోదు. ముమానీ కొళాయి దగ్గర తువ్వాలు పట్టుకుని నిలబడి, "దమ్మామ్‌కి చెప్పనులే" అంది.