నొప్పి లేదు గదండీ!

షుగరు ఉన్నవాళ్ళ నోట ఈ మాట వినీ వినీ నా చెవులు చిల్లులు పడ్డాయి. అరికాల్లో రూపాయి బిళ్ళంత పుండు, చుట్టూ తెల్లగా నానిపోయిన ఆనెకాయ, సాక్సు విప్పితే గదంతా వాసన. ఇన్నాళ్ళూ ఏం చేశారండీ అంటే జవాబు సిద్ధం: "నొప్పి లేదు గదండీ, డాక్టరు గారూ!"

నొప్పి లేకపోవడమే జబ్బు మహాప్రభో అని ఎన్నిసార్లు మొత్తుకోను? రక్తంలో చక్కెర ఏళ్ళ తరబడి ఎక్కువగా ఉంటే నరాలు దెబ్బతింటాయి. ఒంట్లో బాగా పొడవైనవి పాదాలకు వెళ్ళే నరాలు. ముందు మొద్దుబారేవీ అవే. మొదట తిమ్మిర్లు, మంటలు. అప్పుడు రాత్రిళ్ళు నిద్ర పట్టక పరుగెత్తుకొస్తారు. కొందరిలో కొన్నాళ్ళకు మంటలు వాటంతటవే తగ్గుతాయి. "మీ మందు అమృతమండీ" అని పొగిడి, మందులు మానేసి మాయమయ్యేది సరిగ్గా అప్పుడే. నరం చచ్చాక మంట ఎక్కణ్ణుంచి వస్తుంది?

రిటైరైన హెడ్మాస్టరు గారొకరు పదిరోజుల ధ్యాన శిబిరానికి వెళ్ళొచ్చి, నా ఎదురుగా కూర్చుని ఎరుక గురించి తీరిగ్గా చెప్పారు. శ్వాస ముక్కు కొసన తగలడం కూడా తెలుస్తోందట. వినడానికి బాగానే ఉంది. బీపీ కూడా దిగింది, కాదనను. తర్వాత బూట్లు విప్పించాను. కుడి బూటు దులిపితే బొమ్మ కారు చక్రం ఒకటి టకామని నేల మీద పడింది. పొద్దుటి వాకింగ్ నుంచీ దానిమీదే నడుస్తున్నారు. బొటనవేలి మొదట్లో చక్రం అచ్చు, పళ్ళతో సహా దిగి ఉంది. ఆయన దాన్ని తీసి చూసి, "మా మనవడు పొద్దుట్నుంచీ దీనికోసమే ఏడుస్తున్నాడండీ" అన్నారు.

పరీక్షకు నేను వాడేది పది గ్రాముల ఒత్తిడికి వంగే నైలాను దారం. కళ్ళు మూసుకోమని పాదం మీద అక్కడక్కడా ఆనిస్తాను, తగిలితే చెప్పాలి. మనవాళ్ళకు పరీక్షంటే పాసైపోవాలి. దారం ఇంకా నా చేతిలో ఉండగానే "ఆ, తగిలిందండీ" అంటారు. ఎక్కడ తగిలిందమ్మా? "మీరెక్కడ పెడితే అక్కడే."

1946లో వేలూరు సి.ఎం.సి. ఆస్పత్రికి వచ్చిన సర్జన్ పాల్ బ్రాండ్ కుష్ఠు రోగులను దగ్గరుండి గమనించి చెప్పింది ఇదే: వేళ్ళు వాటంతటవి రాలిపోవడం లేదు, నొప్పి తెలియక కాల్చుకుని, కోసుకుని పోగొట్టుకుంటున్నారని. ఆ రోగులు వాడే మెత్తని ఎం.సి.ఆర్. (మైక్రోసెల్యులర్ రబ్బరు) చెప్పులే షుగరు వాళ్ళకీ రాస్తున్నాం. రాస్తాం, అంతే. పెళ్ళిళ్ళకు బాగుండవట.

కోప్పడడానికి నోరు రానిది ఒక్కావిడ మీదే. కూతురి కాన్పు క్షేమంగా జరిగితే చెప్పుల్లేకుండా కొండెక్కుతానని మొక్కుకుంది. మే నెలలో అలిపిరి నుంచి 3,550 మెట్లూ ఎక్కి, ఎండలో మాడవీధులు తిరిగి, రెండు అరికాళ్ళూ బొబ్బలెక్కి తోలు లేచిపోయి వచ్చింది. ముఖం మాత్రం వెలిగిపోతోంది. "అందరూ అమ్మో కాళ్ళని కూలబడ్డారండీ. స్వామి దయ, నాకు మాత్రం ఏమీ తెలియలేదు." ఏమనను? కట్లు కట్టి, ఇన్సులిన్ మొదలుపెట్టి, ఆవిడిచ్చిన లడ్డు కళ్ళకద్దుకున్నాను. పుండ్లు మానుముఖం పట్టాక గానీ అసలు సంగతి చెప్పలేదు. విని కాసేపు ఊరుకుని, "అయితే ఈసారి ఏం మొక్కుకోను డాక్టరు గారూ?" అంది. తలనీలాలు ఇవ్వమ్మా అన్నాను.

రాత్రి పడుకోబోయే ముందు అద్దం నేలమీద పెట్టి అరికాళ్ళు చూసుకోండి. వేళ్ళ సందులు తడి లేకుండా తుడుచుకోండి. బూటు దులిపి తొడుక్కోండి. ఆనెకాయను బ్లేడుతో గియ్యొద్దు, తిమ్మిరని కాళ్ళు వేణ్ణీళ్ళలో పెట్టొద్దు, పుండు మీద ఆకు పసర్లు పొయ్యొద్దు. అయిదు నిమిషాల పని. ముఖం పదిసార్లు అద్దంలో చూసుకునేవాళ్ళకు పాదం దగ్గరికొచ్చేసరికి టైముండదు.

హెడ్మాస్టరు గారికి మాత్రం ఈ అలవాటు పట్టుకుంది. మొదట్లో రోతగా ఉండేదట. ఇప్పుడు ఏ మడమ పగిలిందో, ఏ వేలు ఎర్రబడిందో నాకన్నా బాగా చెబుతున్నారు. ఇంట్లో కోపం కూడా తగ్గిందని వాళ్ళావిడ సాక్ష్యం. అక్కడితో ఆగితే హెడ్మాస్టరెందుకవుతారు? పార్కులో వాకింగ్ మిత్రులను బెంచీ మీద వరసగా కూర్చోబెట్టి బూట్లు విప్పిస్తున్నారు. అనుమానం వస్తే నా దగ్గరికి తోలుతున్నారు. మొన్న ఒకాయన కుంటుకుంటూ వచ్చారు. షుగరే లేదు. బూటులో గులకరాయి ఉంది. గుచ్చుకుంటోందని ఆయనకు తెలుస్తూనే ఉంది. డాక్టరు గారు చూసేదాకా తియ్యొద్దని మాస్టారు గట్టిగా చెప్పారట.