పాట వచ్చినంత వేగంగా...

2023 మార్చిలో 'నాటు నాటు'కి ఆస్కార్ ప్రకటించేసరికి లాస్ ఏంజెలెస్‌లో ఆదివారం రాత్రి, మన హైదరాబాదులో సోమవారం ఉదయం. పన్నెండున్నర గంటల తేడా! అయితేనేం, కీరవాణిగారు, చంద్రబోస్‌గారు వేదికెక్కడం నాన్నగారు ఇంట్లో కాఫీ తాగుతూ చూశారు. ఆ ఊళ్లోనే ఉన్న మా అక్క ఫోన్లో ఒకటే కేకలు.

పాటకు రెప్పపాటు చాలింది. మనిషికో? నేరుగా ఎగిరితే సుమారు 14,000 కిలోమీటర్లు. గోడమీది పటం చూసి పసిఫిక్ మీదుగా పోతారనుకునేరు! భూమి గుండ్రం కదండీ, దగ్గరి దారి ఉత్తర ధ్రువం పక్కనుంచి. గంటకు 900 చొప్పున పదిహేనున్నర గంటలు. లెక్క భేషుగ్గానే ఉంది, అప్పుడు నేరుగా వచ్చే విమానమే లేదు. దుబాయ్‌లో దిగి మారాలి. అటు పదహారు, ఇటు నాలుగు, మధ్య పడిగాపులు... ఇంచుమించు ఒక రోజు.

ఆ ఏడాది శ్రావణంలో ఓ సాయంత్రం నాన్నగారు పోయారు. ఫ్రీజర్ బాక్సు తెప్పించాం. "అంతసేపు ఉంచకూడదు" అన్నారు పెద్దలు. "అది వచ్చేదాకా ఎత్తనివ్వను" అంది అమ్మ. గంటకోసారి "ఎంతవరకు వచ్చిందిరా?" అని నన్నడిగేది. నా ఫోన్లో విమానం బొమ్మ ధ్రువం దగ్గర కదలనట్టే ఉండేది.

మూడోనాడు తెల్లవారుజామున అక్క కారు దిగింది. ఎనిమిదింటికి నాన్నగారిని తీసుకెళ్లాం.